ఋణవిమోచనము - పండుగ మేర

ఋణము తీర్చుట గృహస్థునకు ధర్మము. పెద్దలు ఋణశేషమును అగ్నిశేషముతోను, శత్రుశేషముతోను సమానముగ నెంచి, ఈ మూడింటిలో దేనిని రవ్వంతయు మిగుల్పరాదని చెప్పిరి. ఈ హితవును నమ్మిన గృహస్థులు పలువురు, అప్పు తీరువఱకు ఇంట పిండివంట యుండరాదనియు, పిల్లలకు క్రొత్తబట్టలు కొనరాదనియు, తిరునాళ్ళ మాట తలపెట్టరాదనియు శపథము పట్టుదురు. ఉద్దేశము మెచ్చదగినదే. కాని యీ శపథము నిలుచుట యరుదు. నాలుగు నెలలో, ఆఱు నెలలో గడచును. ఇల్లంతయు విసుగు నిండును. అంతలో ఏదో యొక శుభకార్యము పేర కట్టలు తెగి, కడుపు కట్టుకొని కూడబెట్టినదంతయు ఒక్క వారములో కరగిపోవుటయేగాక, దానిపై క్రొత్త పత్రమొకటి పుట్టును. కఠినవ్రతము పట్టినవాడే పెద్ద యప్పులోనికి జారుట మనము నిత్యము చూచుచున్న విషయము. కావున ఋణవిమోచనమును గోరువారు తమ వ్యయక్రమములో ఆనందమునకు గూడ కొలిచిన భాగమొకటి యుంచుకొనవలయుననియు, అది విలాసము గాక ఋణము తీర్చు సాధనమేయనియు మనవి చేయుచున్నాము.

ఈ ప్రశ్న కొందఱి యింటి ప్రశ్న కాదు. 2019వ సంవత్సరమునందు జరిగిన జాతీయ నమూనా పరిశీలన 77వ యావృత్తి ననుసరించి, ఆంధ్రప్రదేశమున వ్యవసాయ కుటుంబములలో నూటికి 93.2 ఋణగ్రస్తములు, సగటున కుటుంబ మొక్కింటికి తీర్పవలసిన యప్పు 2,45,554 రూపాయలు. తెలంగాణమున నూటికి 91.7 కుటుంబములు ఋణములో నున్నవి. సగటు ఋణము 1,52,113 రూపాయలు. భారతదేశమంతటికి ఈ లెక్క నూటికి 50.2 కుటుంబములును, 74,121 రూపాయలును మాత్రమే. అనగా దేశములో సగము కర్షకకుటుంబములు అప్పు లేక బ్రదుకుచుండ, మన తెలుగునాట అప్పులేని సేద్యగాడు పదిమందిలో ఒక్కడైన కనబడుట లేదు. ఇందులకు తెలుగువాని దుబారాయే కారణమని పలుకుట యన్యాయము. వాన తప్పుట, బోరు బావులు ఎండుట, కౌలు పెరుగుట, ధర పడిపోవుట, ఆసుపత్రి ఖర్చు, పిల్లల చదువు, ఇవి యన్నియు కలసి అప్పునకు కారణమగుచున్నవి. అప్పు పుట్టుటలో రైతు తప్పు కొంచెమే కావచ్చును. దానిని తీర్చు భారము మాత్రము వాని భుజముల మీదనే యున్నది.

ప్రభుత్వములు ఊరక యుండలేదు. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. 1938లో రాజాజీ మంత్రివర్గము మద్రాసు రాష్ట్రమున వ్యవసాయకుల ఋణవిముక్తి చట్టమును తెచ్చి, పాత ఋణములపై పేరుకొన్న వడ్డీని కొట్టివేయించెను; అసలునకు రెట్టింపు చెల్లించినవాని పాత యప్పు పూర్తిగ తీరినట్లే యెంచవలెనని శాసించెను. 2008లో కేంద్రప్రభుత్వము ఋణమాఫీ పథకము నమలుపఱచెను. 2014లో రెండు తెలుగు రాష్ట్రములును, మరల 2024లో తెలంగాణమును మాఫీలు ప్రకటించినవి. వీనివలన ఊపిరి పీల్చుకొన్న కుటుంబములు లెక్కకు మిక్కిలి. అయినను చట్టము పత్రమును చింపగలదుగాని యింటి జమాఖర్చు వ్రాయజాలదు. మాఫీ వచ్చిన మఱుసటి యేడు అదే యింట మరల పత్రము వ్రాయబడుచున్నచో, ఆ లోపమును సరిదిద్దవలసినది ఆ యింటివారే.

ఇక్కడ రెండు విధములైన వ్యయములను వేఱుపఱచి చూడవలెను. ఒకటి ఆనందవ్యయము, రెండవది ఆడంబరవ్యయము. సంక్రాంతికి నాలుగు అరిసెలు వండుకొనుట, ఉగాదికి పిల్లలకు బట్టలు కుట్టించుట, ఊరి తిరునాళ్ళకు బండి కట్టుకొనియో బస్సెక్కియో పోవుట, నెలకొక పుస్తకము కొనుట, పట్టణవాసి యొకసారి యాలుబిడ్డలతో నాటకమునకో సినిమాకో వెళ్ళుట, ఇంటికి వచ్చిన చుట్టమునకు కమ్మని భోజనము పెట్టుట, ఇవి ఆనందవ్యయములు. వీనివలన ఏ యిల్లును కూలలేదు. ఇక పెండ్లికి వేయి విస్తళ్ళు, ఓణీల వేడుకకు పెద్ద మంటపము, గృహప్రవేశమునకు బాణసంచా, పొరుగువాడు కొన్నాడని కారు, ఇవి యన్నియు ఆడంబరవ్యయములు. మొదటిదానికి కొలత మన యింటి సంతోషము. రెండవదానికి కొలత ఇతరుల కన్ను. ఇతరుల కన్నునకు తృప్తి యన్నది లేదు. "అప్పు చేసి పప్పుకూడు" అను సామెత పప్పుకూటిని నిందింపలేదు. దానికై అప్పు చేయుటను నిందించినది. మనవారు ఈ తేడాను మఱచి పప్పుకూటిని మానివేసి, అప్పుచేసి మంటపములు కట్టుచున్నారు.

ఈ మాట అతిశయోక్తి యనుకొనువారు లెక్క వేసి చూతురుగాక. ఒక గృహస్థునకు 2,00,000 రూపాయల ఋణము, నూటికి నెలకు 2 రూపాయల వడ్డీపై నున్నదనుకొందము. ఇది మన యూళ్ళలో సామాన్యముగ వినబడు వడ్డీయే. ఆతడు నెలకు 10,000 రూపాయల చొప్పున చెల్లించి, అందులో నా నెల వడ్డీ పోను మిగిలినది అసలునకు జమకట్టించుకొన్నచో, దాదాపు 26 నెలలలో ఋణము తీరును. ఆతడే నెలకు 1,000 రూపాయలు ఇంటి సంతోషమునకై విడిగా నుంచి, 9,000 రూపాయలు చెల్లించినచో, సుమారు 30 నెలలు పట్టును. అదనముగ పోవునది నాలుగు నెలల కాలమును, ఇంచుమించు 9,000 రూపాయల వడ్డీయును. ఇది తేలిక విషయమని చెప్పము. 9,000 రూపాయలు 9,000 రూపాయలే.

కాని రెండవ ప్రక్క చూడుడు. ఆ గృహస్థుడు ఇల్లంతయు బిగబట్టి నెలకు 10,000 చెల్లింప నుద్దేశించి, ఆదిలోనే బంధువుల మాట పడలేక ఒక వేడుకకై 50,000 రూపాయలు అదే వడ్డీకి తెచ్చెననుకొందము. ఇప్పుడు ఋణము 2,50,000 రూపాయలయ్యెను. నెలకు 10,000 చొప్పున తీర్చుటకు 35 నెలలు పట్టును. ఒక్కనాటి వేడుకకు తొమ్మిది నెలల సంపాదన యాహుతి యయ్యెను. అంతేకాదు, ఆ 50,000 రూపాయలపై మొదటి నెల వడ్డీ సరిగా 1,000 రూపాయలు. అనగా ఇంటిల్లిపాది నెలనెల ననుభవింపదగిన సంతోషపు సొమ్మును ఒక్క పూట యాడంబరము మ్రింగి, వడ్డీవ్యాపారి చేతిలో పెట్టినది. నెలకు వేయి రూపాయల సంతోషమును వద్దనుకొన్నవాడు నెలకు వేయి రూపాయల వడ్డీని కట్టుచున్నాడు. ఏది మేలో పాఠకులే నిర్ణయింతురుగాక.

ఈ సంతోషభాగమును ఎట్లు కొలువవలెను? ఇందులకు మన పల్లెలలోనే మంచి మార్గము కలదు. పూర్వము కళ్ళమున ధాన్యము తూర్పారబట్టి రాశి పోసిన పిమ్మట, గింజలు గాదె చేరకమునుపే చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి మేరలు కొలిచి యిచ్చు నాచారముండెను. మేర యనగా దానము కాదు. ముందే నిర్ణయింపబడిన భాగము. దానిని ఎగవేయుట రైతునకు తగదు. దానిని మించి యడుగుట పనివానికి తగదు. అట్లే ఋణగ్రస్తుడైన గృహస్థుడు తన యింటికి పండుగ మేర యొకటి నిర్ణయించుకొనవలెను. పంట యమ్మిన నాడు తిండిగింజలకును, రాబోవు సేద్యపు పెట్టుబడికిని, పిల్లల చదువునకును తీసి, మిగిలినదానిలో తొమ్మిది పాళ్ళు అప్పునకు, ఒక పాలు పండుగకు. ఆ పాలు వేఱు సంచిలోనో, ఇల్లాలి పేర బ్యాంకు ఖాతాలోనో యుండవలెను. అందున్నంతవఱకే పండుగ; అది చాలనిచో పండుగ చిన్నది కావలెనుగాని అప్పు పెద్దది కారాదు. పంట పోయిన యేడు మేరయు తగ్గును; ఆ సంగతి ముందుగనే యింటిలో చెప్పుకొనవలెను. జీతగాండ్రకు ఇది మఱింత సులభము. జీతము వచ్చిన దినముననే ఋణపు వాయిదాను, పండుగ మేరను రెండింటిని విడదీసి, మిగిలినదానితో నెల గడపుకొనవలెను. నెలాఖరున మిగిలినది అప్పునకు కట్టుదమనువారికి ఏ నెలాఖరునను ఏమియు మిగులదు.

ఇక తొమ్మిది పాళ్ళను ఏ యప్పునకు ముందు కట్టవలెను? అనేకులు మొగమాటము కొలది, గట్టిగ నడిగినవానికి ముందు చెల్లింతురు. అది తప్పు. అన్ని వాయిదాలను తప్పక కట్టుచు, పైన మిగిలిన సొమ్మును అత్యధికమైన వడ్డీగల ఋణమునకు జమకట్టవలెను. పట్టణములలో వాడుకలోనున్న క్రెడిట్ కార్డుల బాకీపై నెలకు నూటికి 3 రూపాయలకు పైగా వడ్డీ పడుట సామాన్యము. పాత బాకీ పూర్తిగ తీరనంతవఱకు క్రొత్తగా కొన్న వస్తువులపైగూడ ఆ దినమునుండియే వడ్డీ నడచును. దానిని ముందుగా తుదముట్టింపవలెను. పంటఋణమునకు, నిర్ణీత పరిమితి వఱకు, కేంద్రప్రభుత్వపు రాయితీతో సాలుకు నూటికి 7 రూపాయలును, గడువులోపల చెల్లించినవారికి 4 రూపాయలును వడ్డీ. ఇట్టి యప్పును గడువు తప్పించి, నూటికి నెలకు రెండు రూపాయల చేబదులు తెచ్చి వేడుకలు చేయువాడు రెండు ప్రక్కల నష్టపడుచున్నాడు. వడ్డీరేటు మారుచుండు గృహఋణములను ముందుగా తీర్చినందులకు జరిమానా వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకుల నాదేశించినది. కావున చేతికి వచ్చిన యదనపు సొమ్మును అసలునకు కట్టుటకు జంకనక్కఱలేదు. చీటి పాడి తెచ్చిన సొమ్ముగూడ అప్పేయని మఱువరాదు. పాటలో వదలుకొన్నదే దాని వడ్డీ.

అప్పులవాడు పండుగ చేసికొనుచున్నాడేమని ఋణదాత యెత్తిపొడువవచ్చును. దానికి సమాధానము వాయిదా తప్పకుండుటయే. ఏటేట తప్పక చెల్లించు ఋణస్థుని యింటి అరిసెలను లెక్కించు ఋణదాత తెలివితక్కువవాడు. వాని సొమ్మునకు భద్రత ఆ యింటి వారి యోపికలోనే యున్నది.

అయితే ఈ మార్గము అందఱకు సరిపడదు. వచ్చు నాదాయము వడ్డీకే చాలని యింట జమాఖర్చు నేర్పుతో ఋణము తీరదు. అట్టివారు పరువునకు వెఱచి కాలము గడపక, ఋణదాతలను కూర్చుండబెట్టి పరిష్కారము చేసికొనుటయో, ఒక యెకరము సకాలమున అమ్మి మిగిలిన భూమిని నిలుపుకొనుటయో మేలు. ఆలసించినకొలది వడ్డీ పెరిగి, ఒక యెకరముతో పోవలసినది నాలుగెకరములను మ్రింగును.

చివరి మాట యొకటి. అప్పు కొంపలను కూల్చుటకు ముందు మాటలను కూల్చును. యజమాని అప్పు సంగతి భార్యకు చెప్పడు. పిల్లలు అడిగినదానికి కసరికొట్టును. పండుగనాడు ఇంట నుండక పొలముగట్టున ఒంటరిగ కూర్చుండును. ఈ మౌనమే వడ్డీకంటె ప్రమాదకరమైనది. మన జిల్లాలలో ఎందఱు రైతులు ఈ మౌనములో క్రుంగి ప్రాణములు తీసికొనిరో మన మెఱుగనిది కాదు. భూమి పోయిన మరల కొనవచ్చును. మనిషి పోయిన తిరిగి రాడు. ఇంటివారందఱు ఒకచోట కూర్చుండి, ఉన్న ఋణమెంతయో, తీరు దినమెప్పుడో, ఈ యేటి పండుగ మేర యెంతయో పుస్తకములో వ్రాసికొనిన యింట ఆ మౌనమునకు చోటు లేదు. పొదుపు సంఘములలో పద్దులు వ్రాసి యలవాటుపడిన మన స్త్రీలకు ఈ పుస్తకము నప్పగించినచో అది యింకను సురక్షితము.

ఋణము తీర్చుట దీర్ఘప్రయాణము. బండి నడుమ నెచటను ఆపనన్నవాని యెడ్లు గమ్యము చేరకముందే కూలబడును. ప్రతి చెఱువుగట్టునను బండి విప్పువాడు ఎన్నటికిని చేరడు. కొలతతో నీరు పెట్టి, కొలతతో మేపి, తెల్లవారకముందే బండి కట్టువాడే యిల్లు చేరును. మన గృహస్థులు ఈ సంక్రాంతికే పుస్తకము తెఱచి, ఋణము పద్దు క్రింద పండుగ మేర పద్దును వ్రాయుదురుగాక.