రెండు లీటర్ల కంప్యూటర్, నలభై మూడు డిగ్రీల గది

ఏఎస్‌రాక్ కంపెనీ అమ్మే డెస్క్‌మినీ ఎక్స్300 పెట్టె పొడవు 155, వెడల్పు 155, ఎత్తు 80 మిల్లీమీటర్లు. గుణించి చూస్తే రెండు లీటర్లకు కాస్త తక్కువే. మదర్‌బోర్డు అందులోనే బిగించి వస్తుంది. ప్రాసెసర్, దాని మీద హీట్‌సింక్, ల్యాప్‌టాప్ సైజు ర్యామ్, ఎస్సెస్‌డీ మనం కొనుక్కుని అమర్చుకోవాలి. కరెంటు కోసం ల్యాప్‌టాప్ ఛార్జర్ లాంటి 120 వాట్ల అడాప్టర్ బయట ఉంటుంది. టేబుల్ కింద కాళ్లకు అడ్డంపడే పెద్ద సీపీయూ డబ్బా చేసే పని దాదాపు అంతా ఇది చేస్తుంది.

ఈ పెట్టెల గురించి ఇంటర్నెట్‌లో దొరికే పరీక్షలు, వీడియోలు చాలావరకు 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో చేసినవి. నల్లగొండలో, పాలమూరు అనే మహబూబ్‌నగర్‌లో మే నెల మధ్యాహ్నం బయట 44, 45 డిగ్రీలు కొత్త కాదు. స్లాబు ఇంట్లో పై అంతస్తు గది, రేకుల ఇల్లు, షట్టర్ వేసిన జిరాక్స్ షాపు ఇవన్నీ లోపల కూడా నలభై దాటుతాయి. పైగా స్లాబు పగలంతా తాగిన వేడిని చీకటి పడ్డాక గదిలోకి వదులుతుంది కాబట్టి రాత్రి ఎనిమిదింటికి కూర్చున్నా లాభం తక్కువ. 25 డిగ్రీల పరీక్ష గదికీ 43 డిగ్రీల మన గదికీ మధ్య ఉన్న ఈ పద్దెనిమిది డిగ్రీల తేడా మినీ పీసీ బిగింపును వేరే లెక్కగా మార్చేస్తుంది.

అసలు ఈ ప్రాంతంలో ఎవరైనా చిన్న పెట్టెను ఎందుకు కోరుకోవాలి? తెలంగాణ ప్రభుత్వం మరో దారి కూడా చూపిస్తోంది. 2024 డిసెంబరులో తన ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఊళ్లలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. అది ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లానే. ఇంట్లో టీవీయే కంప్యూటర్ తెర అవుతుంది, లెక్కలు చేసే యంత్రం ఎక్కడో దూరాన ఉంటుంది. అలాంటి దూరపు యంత్రాలకు ఇల్లు డేటా సెంటర్. ఆ ఇళ్లు కూడా ఈ నేల మీదే లేస్తున్నాయి. 2022 మార్చిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన హైదరాబాద్ డేటా సెంటర్ల స్థలాల్లో షాద్‌నగర్ దగ్గరి మేకగూడ ఒకటి, అదీ పాత పాలమూరే. మేకగూడ యంత్రానికీ మన టేబుల్ మీద పెట్టెకూ శత్రువు ఒక్కటే, అది వేడి. కాకపోతే అక్కడ గదిని చల్లబరచడానికి ఇంజనీర్లు, యంత్రాలు ఉంటాయి. ఇక్కడ సీలింగ్ ఫ్యాన్ ఉంటుంది, అదృష్టం బాగుంటే కూలర్. నెట్ పోయినా పని ఆగకూడదనుకునే డిగ్రీ విద్యార్థికి, మీసేవ పక్కన టైపింగ్ చేసుకునేవారికి సొంత పెట్టె ఉండాల్సిందేనని నా అభిప్రాయం.

ఇక వేడి సంగతి. చిప్ నుంచి గదికి వేడి పారే తీరు చెరువు తూము లాంటిది. ఎగువ నీటికీ దిగువ నీటికీ మట్టంలో తేడా పెరిగేకొద్దీ పారుదల పెరుగుతుంది. దిగువ మడి ఇప్పటికే నిండి ఉంటే తూము పూర్తిగా ఎత్తినా నీరు మెల్లగానే కదులుతుంది. ఇక్కడ ఎగువ మట్టం చిప్ వేడి, దిగువ మట్టం గది వేడి. హీట్‌సింక్, ఫ్యాన్ ఎంత మంచివో చెప్పే కొలత ఒకటుంది: ఒక్కో వాటుకు చిప్ గది కంటే ఎన్ని డిగ్రీలు పైకి పోతుంది అని. డెస్క్‌మినీలో 46 మిల్లీమీటర్ల ఎత్తు దాటిన హీట్‌సింక్ పట్టదు. నోక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఏ లాంటి 37 మిల్లీమీటర్ల పొట్టిదే గతి. లెక్క సులువు కావడానికి, ఇరుకు పెట్టెలో అది వాటుకు 0.8 డిగ్రీలు ఇస్తుందనుకుందాం.

ఈ పెట్టెలో చాలామంది వేసుకునే ఏఎండీ రైజెన్ 5 5600జీని తీసుకోండి. 2021లో వచ్చిన ఆరు కోర్ల ప్రాసెసర్, గ్రాఫిక్స్ అందులోనే ఉంటాయి. అట్టపెట్టె మీద 65 వాట్లని ఉంటుంది గానీ, ఆ సెట్టింగులో గట్టి పని పడితే అది 88 వాట్ల దాకా లాగగలదు. 88ని 0.8తో గుణిస్తే 70. గది 25 డిగ్రీలైతే చిప్ 95కు చేరుతుంది. ఈ చిప్‌కు కంపెనీ పెట్టిన హద్దు కూడా సరిగ్గా 95. అంటే పరీక్ష గదిలో అంచు మీద నిలబడి పాసైపోతుంది. మన 43 డిగ్రీల గదిలో అదే లెక్క 113 చూపిస్తుంది. నిజానికి అంత దూరం పోదు. 95 తగలగానే ప్రాసెసర్ తన స్పీడు తనే కోసుకుంటుంది, సుమారు 65 వాట్ల దగ్గర నిలబడుతుంది.

తనను తానే కాపాడుకుంటుంటే మనకెందుకు బాధ అని అడగొచ్చు. చిప్‌కు ఏమీ కాదు, నిజమే. బాధంతా చుట్టూ ఉన్నవాటికి. చిప్ రోజంతా 95 మీద ఉంటే రెండు లీటర్ల పెట్టెలోని గాలి మొత్తం కాగిపోతుంది. బోర్డు మీది కెపాసిటర్ల ఆయుష్షు పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ సుమారుగా సగానికి పడుతుందని ఎలక్ట్రానిక్స్‌వాళ్లు వాడే మోటు లెక్క. ఎన్‌వీఎమ్ఈ ఎస్సెస్‌డీ 70, 80 డిగ్రీల మధ్య తానూ నెమ్మదిస్తుంది. పైగా హద్దు తగిలి వెనక్కి, మళ్లీ ముందుకు అని ఊగే స్పీడుతో ఫ్యాన్ ఒక్కసారిగా అరవడం, ఆగడం. పక్కన కూర్చున్నవాళ్లకు అదో నరకం.

అందుకే బయోస్‌లోకి వెళ్లి 65 వాట్ల సెట్టింగును 45కు దించండి. చిప్ లాగే గరిష్ఠ కరెంటు 88 నుంచి 61 వాట్ల దగ్గరికి వస్తుంది. ఇప్పుడు 61ని 0.8తో గుణిస్తే 49. దానికి 43 కలిపితే 92. మే మధ్యాహ్నం కూడా హద్దు లోపలే ఉన్నాం.

కరెంటు ముప్పై శాతం కోశాం కదా, స్పీడు కూడా ముప్పై శాతం పోతుందా? పోదు, ఈ విద్యలో అన్నిటికంటే ముచ్చటైన సంగతి ఇదే. ప్రాసెసర్ తినే కరెంటు దాని వోల్టేజీ వర్గానికీ, గడియారపు వేగానికీ అనులోమంగా ఉంటుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచక తప్పదు. అంటే పై మెట్ల దగ్గర వాట్లు దాదాపు వేగం ఘనంతో పెరుగుతాయి. దీన్ని తిరగేసి చూస్తే, వాట్లు ముప్పై శాతం తగ్గించినప్పుడు వేగం కాగితం మీద 12 శాతం దగ్గరే తగ్గుతుంది. అదీ ఆరు కోర్లూ ఏకధాటిగా పనిచేసే వీడియో ఎడిటింగ్ లాంటి వాటిలో. అను ఫాంట్స్‌లో పెళ్లి పత్రిక టైపు చేసేవారికి, ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపేవారికి, పైథాన్ నేర్చుకునే విద్యార్థికి ఆ తేడా కనిపించదు. చివరి కొద్దిపాటి వేగం కోసం కంపెనీలు అంత కరెంటు తగలేసేది పరీక్షల పట్టికలో పైన కనబడటానికేనని నాకు అనిపిస్తుంది.

ఇంకో మెట్టు అండర్‌వోల్టింగ్. అదే వేగానికి కొంచెం తక్కువ వోల్టేజీ ఇవ్వడం. 1.2 వోల్టుల నుంచి 1.1కు దించగలిగితే వర్గాల లెక్కన 16 శాతం వేడి ఉత్తినే పోతుంది. అయితే ప్రతి చిప్ ఒకేలా సహకరించదు. కొద్దికొద్దిగా దించుతూ, ప్రతి మెట్టు దగ్గరా కొన్ని గంటలు గట్టి పని పెట్టి చూడాలి. ఆగిపోతే ఒక మెట్టు వెనక్కి. అన్ని బోర్డులూ ఈ తలుపు తెరవవు. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ యంత్రాల్లో వోల్టేజీ మార్చే దారికి తాళం పడింది.

కొత్త పెట్టె ఖరీదు భరించలేనివాళ్లు సికింద్రాబాద్ సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల ఆఫీసులు వాడి వదిలేసిన మినీ పీసీల కోసం వెతుకుతారు. లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ అలాంటివే. మన ఎండకు నిజానికి ఇవే తెలివైన బేరం. ఉదాహరణకు ఐ5-8500టీ ఉన్న పెట్టె. చివర ఉన్న ఆ 'టీ' రకం 35 వాట్లకే తయారైనది, ఆరు కోర్లు, విండోస్ 11కు పనికొచ్చే ఇంటెల్ ఎనిమిదో తరం. విండోస్ 10కు కంపెనీ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక ఏడో తరం యంత్రం చౌకగా వచ్చినా లినక్స్ వేసుకునే ఉద్దేశం ఉంటేనే తీసుకోండి. వీటి బయోస్‌లో సెట్టింగులు తక్కువ. వేడెక్కుతుంటే విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99కి మార్చండి. ఒక్క శాతమే అనిపిస్తుంది గానీ, దాంతో గట్టి పనికి స్పీడు పెంచే టర్బో పూర్తిగా ఆగిపోతుంది. పాత యంత్రం కొన్న వెంటనే హీట్‌సింక్ విప్పి, ఎండి పెళుసైన థర్మల్ పేస్టును తుడిచి కొత్తది వేయడం మరవొద్దు.

ర్యామ్ గురించి ఒక్క మాట. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉన్నప్పుడు అది ర్యామ్‌నే వాడుకుంటుంది. 16 జీబీ ముక్క ఒకటి కాకుండా 8 జీబీవి రెండు వేస్తే దారి రెట్టింపవుతుంది: డీడీఆర్4-3200లో సెకనుకు 25.6 గిగాబైట్ల నుంచి 51.2కు.

గాలి దగ్గరికి వద్దాం. మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది, నల్లగొండ 420 దగ్గర. ఎత్తు పెరిగితే గాలి పలచనవుతుంది, వేడెక్కినా పలచనవుతుంది. రెండూ కలిపి చూస్తే, సముద్ర తీరంలో 20 డిగ్రీల గదితో పోల్చినప్పుడు పాలమూరులో 43 డిగ్రీల గాలి సుమారు 13 శాతం పలచన. ఫ్యాన్ అన్నే చుట్లు తిరిగి అంతే పరిమాణం గాలిని తోస్తుంది, కానీ వేడిని మోసుకుపోయే గాలి బరువు తగ్గిపోతుంది. కాబట్టి కంపెనీ పెట్టిన ఫ్యాన్ సెట్టింగును మక్కీకి మక్కీ నమ్మొద్దు.

కూలర్ ఉంటే పరిస్థితి చాలా మెరుగు. 43 డిగ్రీల గాలిలో తేమ 20 శాతమే ఉంటే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ 25 దగ్గర చూపిస్తుంది. ఆ పద్దెనిమిది డిగ్రీల తేడాలో కూలర్ డెబ్బై శాతం అందుకున్నా బయటికొచ్చే గాలి ముప్పై దగ్గర ఉంటుంది. తేమ గాలికి కంప్యూటర్ పాడవుతుందని చాలామంది భయపడతారు. చల్లటి వస్తువు మీదే నీరు పడుతుంది, నడుస్తున్న పెట్టె గాలి కంటే ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. భయపడాల్సింది తుంపరలకు. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి దేశమంతా తెలుసు, లవణాలు కూడా తక్కువేం కాదు. కూలర్ గడ్డి మీద పేరుకునే తెల్లటి పొర అదే. ఆ తుంపర బోర్డు మీద పడి ఆరితే మిగిలే ఉప్పు తేమను లాక్కుని తుప్పు పెడుతుంది. పెట్టెను కూలర్ గాలికి ఎదురుగా కాకుండా పక్కకు జరిపి పెట్టాలి.

దుమ్ము మరో తలనొప్పి. పొట్టి హీట్‌సింక్ రేకుల మధ్య సందు ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఎండాకాలం గాలికి లేచే ఎర్ర చెల్క దుమ్ము సన్నగా లోపలికి పోతుంది, ఫ్యాన్ కింద చాపలా పరుచుకుంటుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల చుట్టుపక్కల ఊక దుమ్ము ఇంకా మొండిది. సన్నటి జాలీ పెడితే దుమ్ము ఆగుతుంది, గాలి కూడా కొంత ఆగుతుంది. నా మొగ్గు జాలీ తీసేసి తరచూ శుభ్రం చేయడం వైపే. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. విచ్చలవిడిగా తిరిగితే బేరింగు దెబ్బతింటుంది.

కరెంటు విషయంలో మినీ పీసీకి ఉన్న మేలు పెద్దది. అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది కనుక మోటార్ల వేళ లో వోల్టేజీ వచ్చినా స్టెబిలైజర్ అక్కర్లేదు. ఆ సమయంలో అడాప్టర్ ఎక్కువ ఆంపియర్లు లాగి ఇంకాస్త వేడెక్కుతుంది, అందుకే దాన్ని పరుపు మీద, బట్టల కింద పెట్టొద్దు. అసలు ప్రమాదం న్యూట్రల్ కట్ అయినప్పుడు. మూడు ఫేజుల్లో లోడు సమంగా లేకపోతే ఇంట్లో వోల్టేజీ 300 దాటిపోవచ్చు, అప్పుడు ఏ అడాప్టరూ బతకదు. ఓవర్ వోల్టేజీ కటాఫ్ ఉన్న ప్లగ్గు ఒకటి పెట్టుకోవడం మంచిది.

ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ 150 ఆంపియర్-అవర్లదైతే, నష్టాలు పోను వెయ్యి వాట్-అవర్లు వాడుకోగలమనుకుందాం. మినీ పీసీ, మానిటర్ కలిసి మామూలు పనిలో 60 వాట్లు తీసుకుంటే పదహారు గంటలు. గ్రాఫిక్స్ కార్డున్న పెద్ద డబ్బా 250 వాట్లు లాగితే నాలుగు గంటలు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్, ఎకో అని స్విచ్ ఉంటే కంప్యూటర్ కోసం యూపీఎస్ వైపు తిప్పుతాం. కరెంటు పోగానే బ్యాటరీకి మారే సమయం దాంట్లో తక్కువ. కానీ ఆ స్థితిలో ఇన్వర్టర్ 180 వోల్టుల లోపు వస్తే కరెంటు ఉన్నా సరే బ్యాటరీ మీదికి దూకుతుంది. లో వోల్టేజీ ఉండే ఊళ్లో సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ కావడానికి కారణం చాలాసార్లు ఇదే. ఒకసారి ఎకోలో పెట్టి, మెయిన్ ఆపి చూడండి. పెట్టె రీస్టార్ట్ కాకుండా నిలబడితే అలాగే వదిలేయొచ్చు. తేలిక లోడు మీదున్న అడాప్టర్‌లోని కెపాసిటర్లు ఆ క్షణాన్ని చాలాసార్లు దాటించేస్తాయి.

చివరగా ఫ్యాన్. బయోస్‌లో చిప్ 60 డిగ్రీల దాకా ఫ్యాన్‌ను ఒకే నెమ్మది వేగంలో ఉంచి, అక్కడి నుంచి 85కు పూర్తి వేగం వచ్చేలా గీత గీయండి. పరీక్షల్లో చెప్పినట్టు 40 దగ్గరే గీత లేపితే మన దగ్గర వేసవిలో పెట్టె ఖాళీగా ఉన్నా ఫ్యాన్ అరుస్తూనే ఉంటుంది. గది వేడే 43 అయినప్పుడు చిప్‌ను అంతకంటే కిందికి దించడం ఏ ఫ్యాన్ తరమూ కాదు. వేగం పెంచే ముందు కొన్ని సెకన్లు ఆగమనే సెట్టింగు ఉంటే వాడండి. బయోస్‌లో ప్రొఫైళ్లు దాచుకునే వీలుంటే రెండు చేసుకోండి: హోలీ నుంచి తొలకరి దాకా 45 వాట్లది, చలికాలానికి 65ది.