తాటిరసము: రుచి చూచుట, రుచి చెప్పుట

పిట్టలవానిపాలెము చుట్టుపట్ల గ్రామములలో వరిచేని గట్టున తాటిచెట్టును చూడని రైతు లేడు. సముద్రపు వైపు నడచినకొలది మాగాణి తగ్గి ఇసుకనేల హెచ్చును. ఇసుకతోపాటు తాళ్ళును హెచ్చును. నీరు పెట్టక, ఎరువు వేయక పెరిగిన చెట్టగుటచే దానిని మనము పంటగా ఎంచము. ముంజలును తేగలును పిల్లల తిండి యనియు, కల్లు గీతవారి సంగతి యనియు తలంచి ఊరకుందుము. కాని ఆ చెట్టు రసమునందు నూటికి 10 మొదలు 14 వంతుల వఱకు చక్కెర కలదు. సుమారు 8 మొదలు 10 లీటర్ల రసమును కాచిన ఒక కిలో బెల్లము దిగును. ఈ రసమును గాని, బెల్లమును గాని మంచి ధరకు అమ్ముకొనవలె నన్న రుచిని చూచి ఉన్నదున్నట్లు చెప్పగల నేర్పు మొదట కావలయును. ఆ నేర్పు లేక మేమే ఒకనాడు నష్టము తెచ్చితిమి గనుక ఆ సంగతితోడనే ఆరంభించెదము.

ఒక వేసవిలో తాటిబెల్లపు వంటను ప్రదర్శించుటకై ఈ ప్రాంతపు పల్లె యొకదానికి పోయితిమి. ఆరు గీత కుటుంబములవారు తెల్లవాఱుజామున దింపిన రసమును ఒక్కచోటికి చేర్చిరి. పులియకుండుటకై కుండలన్నిటికిని లోపల సున్నము పూయబడియుండెను. మేము ప్రతి కుండయందును లిట్మసు కాగితమును ముంచి చూచితిమి. ఎక్కడను పులుపు కానరాలేదు. అప్పుడు వారిలో వృద్ధుడొకడు రెండు కుండలలోని రసమును అరచేత పోసికొని రుచి చూచి, "అయ్యగారూ, ఈ రెండూ వేరుగా ఉంచండి. ఇవి బాగా లేవు" అనెను.

"ఏమి తాతా, పులిసినవా?" అని యడిగితిమి.

"పులుపు లేదండీ, తీపే. తీపు వెనుక ఇంకొకటి ఉన్నది. నాలుక మీద నిలవకుండా జారుతున్నది. ఏమని చెప్పేదండీ?"

ఏమని చెప్పవలయునో అతనికి తెలియలేదు; ఏమని అడుగవలయునో మాకును తెలియలేదు. కాగితము చెప్పినదే సత్యమని నమ్మి ఆ రెండు కుండలను గూడ పెనములో పోయించితిమి. మధ్యాహ్నము వఱకు గాడిపొయ్యి మండినను పాకము గట్టిపడలేదు. అచ్చులలో పోసినది మఱునాటికిని జిగటగా సాగుచుండెను. ఆరు ఇండ్లవారి ఒకనాటి కష్టమును, కట్టెలును వృథా యయ్యెను. వారెవ్వరును మమ్ము నిందింపలేదు. వృద్ధుడు మాత్రము ఆ రెండు కుండలను పగులగొట్టి గట్టున పాఱవేసెను.

కారణము తరువాత బోధపడినది. రసమునందు పుట్టు పులుపును సున్నము ఎప్పటికప్పుడు విఱిచివేయును. అందుచే కాగితమునకు పులుపు కనబడదు. అయినను సరిగా కడుగని కుండలో నిలిచిన సూక్ష్మజీవులు చక్కెరను తిని జిగురును పుట్టించుచుండును. ఇట్టి జిగురే చెఱకు కర్మాగారములలో సయితము చక్కెర పలుకు కట్టకుండ అడ్డుపడును. వృద్ధుని నాలుక ఆ దోషమును పట్టుకొన్నది. దానికి ఇరువురము ఎఱిగిన పేరొకటి ఆనాడు మా నడుమ ఉన్నయెడల ఆ పెనము చెడకపోయెడిది.

ఇట్టి పేరుల అవసరమును ద్రాక్షమద్యము, అనగా వైను, చేయు దేశములవారు చక్కగా గుర్తించిరి. అచ్చట రుచి చూచుట ఒక వృత్తి. పరీక్షకుడు మొదట గాజుపాత్రను వెలుతురునకెత్తి రంగును, తేటను చూచును. పిదప పాత్రను త్రిప్పి వాసన చూచును. అటుపిమ్మట కొంచెము నోట పోసికొని, గాలిని లోనికి పీల్చి, నాలుకయంతటను త్రిప్పి ఉమిసివేయును. దినమునకు అనేక పాత్రలు చూడవలసినవాడు మ్రింగినచో కొలది పాత్రలకే వాని తీర్పు చెడును. ఉమిసిన పిమ్మట ఆ రుచి నోట ఎంతసేపు నిలుచునో గమనించును.

బైబిలులోని కానా ఊరి వివాహకథను చదివినవారికి ఒక సంగతి జ్ఞాపకముండును. అందు విందుపెద్ద ద్రాక్షరసము ఎక్కడనుండి వచ్చినదో ఎఱుగకయే రుచి చూచి, మొదట పోసినదానికంటె ఇది మేలని గ్రహించెను. తోట పేరు, యజమాని పేరు వినక నోటితోడనే తీర్పు చెప్పుట నేటి పరీక్షలలోను పాటింపబడుచున్నది. అందుకొఱకు సీసాను గుడ్డతో కప్పి పోయుదురు.

మిక్కిలి ఘాటైన వైనులను చూచుట మఱింత కష్టము. పోర్చుగలు దేశములో డౌరో నదీతీరమున చేయు పోర్టు అను వైనునందు పులియుట ముగియకమునుపే ద్రాక్షసారాయిని కలుపుదురు. అందుచే తీపి మిగిలిపోవును, మద్యపు పాలు నూటికి సుమారు 20 వఱకు నుండును. అట్టిదానిని ముందు రుచి చూచిన నోరు మొద్దుబాఱి తరువాతివన్నియు నీళ్ళవలె తోచును. కావున తేలికదానితో ఆరంభించి ఘాటైనదానితో ముగింతురు. నడుమ నీటితో పుక్కిలించి రొట్టెముక్క నమలుదురు. మనవారు ఉప్పు కలపని అన్నపు మెతుకులు నాలుగు నమలిన చాలును.

చూచినదానిని చెప్పుట తరువాతి మెట్టు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిసు శాఖలో ఆన్ నోబుల్ అను ఆచార్యురాలు తన సహచరులతో గూడి 1984లో వైను వాసనల పేరులను ఒక క్రమమునకు తెచ్చెను. అవి ఒక చక్రముగా గీయబడినవి. చక్రపు నడుమ పండు, పువ్వు, మట్టి వంటి పెద్ద తరగతులును, వెలుపలి అంచున నిమ్మ, గులాబి వంటి విడివిడి పేరులును ఉండును. "మంచిది", "గొప్పది" అను మాటలకు అందు చోటు లేదు. అవి చెప్పువాని ఇష్టమును తెలుపును గాని పాత్రలోనిదానిని తెలుపవు.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. ఉగాది పచ్చడి నోట పెట్టుకొన్న పిల్లవాడు సయితము "ఈ యేడు చేదెక్కువ" అని చెప్పును. తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు అను ఆఱు రుచులను ఒక్క ముద్దలో వేఱువేఱుగా గుర్తించుట మన యిండ్లలో ఏటేట జరుగు పరీక్షయే. అయితే రుచి యని మన మనుకొనునది చాలవఱకు వాసన యని తెలిసికొనవలయును. ముక్కు మూసికొని తాటిబెల్లపు ముక్క నోట వేసికొని చూడుడు. తీపి మాత్రమే తెలియును. అది తాటిదో చెఱకుదో చెప్పుట కష్టము. ముక్కు వదలగానే గొంతు వెనుకనుండి వాసన పైకెక్కి తాటి పరిమళము తెలియును. పడిసెము పట్టినవానికి పప్పుచారు చప్పగా తోచుట ఇందువలననే.

ఇక మన తాటిరసము సంగతి. అది దిగిన గడియనుండి మాఱుచునే యుండును. ఏ దశలోనున్నదో నాలుక గుర్తించిన దానిని ఏ పనికి పంపవలయునో తేలును.

సున్నపు కుండలో దింపిన మంచి నీరా తియ్యగా, ముంజనీటివంటి చల్లని వాసనతో, కొంచెము పచ్చి కమ్మదనముతో నుండును. ఇది త్రాగుటకును, బెల్లమునకును తగినది.

సున్నము మితిమీఱినచో తాంబూలమున సున్నమెక్కువైనట్లు నాలుక చుఱుక్కుమనును. అట్లే కాచిన బెల్లము నల్లబడును. సూపర్ ఫాస్ఫేటుతో ఆ సున్నమును విఱిచి, తేర్చి, వడగట్టి కాచుదురు.

జిగురు పుట్టినచో తీపి యుండియు రసము నాలుకపై జారును. రెండు వ్రేళ్ళ నడుమ నుంచి తీసిన సన్నని దారమువలె సాగును. దీనిని పెనములో కలుపరాదు. కుండను మార్చవలయును.

పులియుట ఆరంభమైనచో నురుగు కట్టి, నాలుకపై చిమచిమలాడి, పులిసిన దోసెపిండి వాసన వేయును. అప్పటికే చక్కెర విఱుగుచున్నది గనుక బెల్లము సరిగా కట్టదు.

సున్నము లేని కుండలో కొన్ని గంటలు నిలిచినది కల్లగును. తీపి తగ్గి, పులుపును ఘాటును హెచ్చి, మద్యపు పాలు సాధారణముగా నూటికి 4 మొదలు 6 వఱకు నుండును. ఇంకను నిలిచినచో ముక్కును పొడుచు పులుపు వచ్చును. అది వినిగరు మార్గమున పడినదని తెలియవలయును.

మద్యపానమును ప్రోత్సహించుట మా యుద్దేశము కాదు. 1937లో సేలము జిల్లాయందు ఆరంభమైన మద్యనిషేధము 1948 నాటికి మదరాసు రాష్ట్రమంతటను వ్యాపించినప్పుడు కల్లుగీతపై బ్రతుకు కుటుంబములకు జీవనోపాధి సమస్య యేర్పడెను. తాటిబెల్లము వారికి ఒక దారిగా చూపబడినది. 2023లో తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదున హుస్సేనుసాగరపు ఒడ్డున నీరా విక్రయశాలను తెఱచినది. నీరాను పట్టణమునకు చేర్చవలెనన్న దింపినది మొదలు చల్లగా నుంచవలయును. దారిలో పులిసినది ఏ కుండయో బండి యెక్కకముందే చెప్పగలవాడు ఊరిలో ఉండవలయును.

రుచి తెలిసిన పంటకు ఎట్టి గౌరవము కలుగునో అరకు రైతులను చూచి తెలిసికొనవచ్చును. గిరిజనులు పండించు అచ్చటి కాఫీని చిన్న పాత్రలలో పోసి, చెంచాతో జుఱ్ఱి, వాసనను, పులుపును, నిండుదనమును వేఱువేఱుగా వ్రాసి నిర్ణయింతురు. 2017లో పారిసు నగరమున అరకు పేరనే కాఫీశాల వెలసినది. 2019లో అరకు లోయ అరాబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. దోషము ఏ మెట్టున పుట్టినదో రుచి చెప్పుటచే, కోతలోను ఆరబెట్టుటలోను దానిని దిద్దుకొనుటకు వీలు కలుగును.

మన సంఘములవారు ఈ క్రింది పద్ధతిని అవలంబింప గోరుచున్నాము.

1. ఉదయమున, ఆహారమునకు ముందు, నలుగురైదుగురు కూర్చుండవలయును. చుట్ట కాల్చినవారును, తాంబూలము వేసికొన్నవారును, జలుబు చేసినవారును ఆ పూట పరీక్షకు రారాదు.

2. అనుజ్ఞ పొంది గీచిన చెట్ల రసమును మాత్రమే తేవలయును. పాత్రలపై అంకెలు వేయవలయును గాని చెట్టు యజమాని పేరు గాని గీతవాని పేరు గాని చెప్పరాదు.

3. తియ్యనిదానితో మొదలిడి పులిసినదానితో ముగింపవలయును. పాత్రకు పాత్రకు నడుమ పుక్కిలింపవలయును. రుచి చూచినది ఉమిసివేయవలయును.

4. ముందుగా ఎవరికి వారు వ్రాసికొనవలయును. వ్రాయలేనివారి మాటను ఒకరు చెవిలో విని వ్రాయవలయును. పెద్దవారు ముందు చెప్పిన తక్కినవారు దానినే చెప్పుదురు.

5. "బాగున్నది", "బాగులేదు" అను మాటలను విడిచి, దేనివలె నున్నదో చెప్పవలయును. ముంజనీరు, తేగ, తడిసిన మట్టి, దోసెపిండి, మాడిన పాకము, పొగ అను మాటలు అందఱికిని తెలిసినవే.

6. ఆ మాటలను సంఘపు పుస్తకమునకెక్కించి, ఆ రసముతో చేసిన బెల్లము ఎట్లు దిగినదో ప్రక్కన వ్రాయవలయును. ఒక గీత కాలము గడచునప్పటికి ఏ రుచికి ఏ ఫలమో తెలియును.

బెల్లము కొనవచ్చిన వర్తకుడు ముక్క విఱిచి నోట వేసికొని, "ఇది రెండవ రకము" అనుట మన మెఱిగినదే. ఏల రెండవ రకమని అడుగుటకు మనయొద్ద మాట లేనప్పుడు అతడు చెప్పినదే ధర యగును. సున్నము లేదు, మాడు లేదు, పలుకు కట్టినది అని మన పుస్తకము చూపి చెప్పగలిగిననాడు బేరము ఇరువురి నడుమ జరుగును.

మఱుసటి యేడు మేము ఆ పల్లెకే మరల పోయి, ఆ ఆరు ఇండ్లవారితో కూర్చుండి పరీక్ష జరిపితిమి. క్రొత్త పుస్తకమున మేము "జిగురు" అని వ్రాయబోగా వృద్ధుడు వారించి, "జిగురు చేతికి తెలిసేది అండీ, నోటికి తెలిసేది జారుడు" అనెను. అందఱును అంగీకరించిరి. ఆ పుస్తకమున "జారుడు" అనియే యున్నది. ఆ గుర్తు పడిన కుండను ఆ యేడు ఎవ్వరును పెనములో పోయలేదు.