నావికుల సి.డి.సి., గుర్తింపు పత్రాలపై వివరణ

సముద్రతీరం లేని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నుండి వాణిజ్య నౌకలలో ఉద్యోగానికి వెళ్లదలచిన యువతకు, సి.డి.సి. అనగా ఉద్యోగ హామీ అన్న అపోహ నష్టం కలిగించగలదు.

కంటిన్యువస్ డిశ్చార్జ్ సర్టిఫికెట్ అనే ఈ పుస్తకాన్ని, ఆమోదిత సంస్థలో శిక్షణ పొంది ఇండోస్ నంబరు కలిగినవారికి కేంద్ర ప్రభుత్వ షిప్పింగ్ మాస్టర్ జారీ చేస్తారు. నౌక పేరు, నావికుని హోదా, నౌకలో చేరిన, దిగిన తేదీలు ఇందులో నమోదవుతాయి. ఆఫీసరు పరీక్షల అర్హతకు సముద్ర సేవాకాలం ఆధారం కనుక, నౌక దిగిన ప్రతిసారీ నమోదును సరిచూసుకోవాలి.

బయోమెట్రిక్ గుర్తింపు పత్రం వేరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2003లో ఆమోదించిన 185వ ఒడంబడికను భారతదేశం 2015లో ధ్రువీకరించింది. తదనుగుణంగా 2019లో ముఖ బయోమెట్రిక్ వివరాలతో ఈ పత్రాల జారీ ప్రారంభమైంది. వివరాల సేకరణకు నాడు ప్రకటించిన 9 కేంద్రాలలో విశాఖపట్నం ఒకటి. ఈ పత్రం వ్యక్తి గుర్తింపును నిర్ధారిస్తుందే తప్ప సేవాకాలాన్ని కాదు.

నియామక సంస్థకు ఆర్.పి.ఎస్. లైసెన్సు ఉన్నదీ లేనిదీ షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం ఉద్యోగం కల్పించినందుకు నావికుని నుండి రుసుము వసూలు చేయరాదు. కనుక సి.డి.సి. చూపి ఉద్యోగం పేరిట డబ్బు అడిగే దళారులను నమ్మరాదు.