ఫొటోలు మన బీరువాలోనే!

అత్తయ్యగారి చివరి సంక్రాంతి ఫొటోలు నా ఫోనులో తప్ప ఇంకెక్కడా లేవు. గూగుల్ ఫొటోస్‌లో దాద్దామంటే, 2021 జూన్ నుంచి చేర్చేవన్నీ 15 జీబీల ఉచిత వాటాలోకే లెక్క. అదీ మెయిళ్లతో కలిపి! అందుకే నెలకోసారి ఫోనుని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి హార్డ్‌డిస్కులోకి దింపుకుంటున్నాను.

ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కండి. డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. కంప్యూటర్‌లో గూగుల్ వారి ప్లాట్‌ఫామ్ టూల్స్ ఉండాలి, అవి ఉచితమే. ఆపైన నల్ల తెర మీద 'ఏడీబీ పుల్' అని కొట్టి, కెమెరా ఫొటోలుండే డీసీఐఎం ఫోల్డరు దారి ఇవ్వడమే. కంగారు పడకండి, ఇది కాపీ మాత్రమే. ఫోనులో ఒక్క ఫొటో కూడా చెరిగిపోదు. వాట్సాప్‌వి వేరే ఫోల్డరులో ఉంటాయి సుమా! పనయ్యాక డీబగ్గింగ్ ఆపేయండి.

ఇంకో కాపీ ఉన్న డిస్కు మా ఆడపడుచు బీరువాలో ఉంది.