మూగనేస్తము

మనసు చెదిరినవానికి కుశలప్రశ్న సైతము విచారణవలె తోచును. అందుచే అతడు మౌనమును ఆశ్రయించును.

ఆ మౌనమును మాన్పుటలో కుక్కకు గల నేర్పును న్యూయార్కు మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్ అనుకోకుండ గుర్తించెను. ఎవరితోను కలియని బాలుడొకడు ఒకనాడు వేళకు ముందే వచ్చి, అచ్చటనున్న జింగిల్స్ అను ఆయన కుక్కను అక్కున జేర్చుకొనెను. దానితో ఆడుకొనుటకు మరల వచ్చెదననెను. 1962లో లెవిన్సన్ ఈ అనుభవమును ప్రకటించెను.

1970వ దశకమున అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయపు మానసిక వైద్యశాలలో, పరిశోధనకై పెంచుచున్న కుక్కల మొరుగు విని, అంతవరకు నోరు విప్పని యువరోగులు కొందరు వాటితో ఆడుకొనవచ్చునా యని అడిగిరి. శామ్యూల్, ఎలిజబెత్ కార్సన్ దంపతులు దానినే చికిత్సకు దారిగా గైకొనిరి.

నేడు పలు దేశములలో శిక్షణ పొందిన కుక్కలు యజమానుల వెంట వార్డులకు వచ్చుచున్నవి. టీకాలు, శుభ్రత సరిచూచినగాని వాటికి ప్రవేశము లేదు. కుక్కయన్న భయపడువారి దరికి పోనీయరు. అలసిన కుక్కకును విశ్రాంతి నీయవలెను.

కుక్క మందునకు మారు కాదు. అది రోగిని ఏమియు అడుగదు, తప్పులెంచదు. అందుచేతనే అతడు దానితో పలుకును. ఆ తొలిపలుకును అందుకొనవలసినవాడు మాత్రము మనిషియే.