పిల్లలకొక పగలు ఆరుబయట



కార్తీకమాసం వచ్చిందంటే మన అమ్మమ్మలు గంపల్లో వంటసామాను మోయించుకుని ఊరిబయట ఉసిరిచెట్టు కిందికి వనభోజనాలకు వెళ్ళేవారు. పెద్దలకు పూజ, వంట, భోజనం. అప్పటి పిల్లలమైన మాకు అసలు పండుగ ఆ విస్తళ్ళు ఎత్తేశాక మొదలయ్యేది. వాగు ఇసకలో చెలమలు తవ్వడం, సీతాఫలాల కోసం పొదలన్నీ గాలించడం, చెట్టెక్కి దిగలేక ఏడవడం! బతుకమ్మకు తంగేడు, గునుగు తేవడానికి వెళ్ళినా ఇదే సంబరం. సాయంత్రానికి కాళ్ళనిండా గీతలు, గౌనునిండా పల్లేరుకాయలు. దీన్ని అప్పుడెవరూ శిబిరం అనలేదు. ఇప్పుడు బతుకమ్మ పూలు బజార్లో కొనుక్కుంటున్నాం, పిల్లలు అపార్టుమెంటు మెట్లమీద ఆడుకుంటున్నారు. అందుకని ఆ పాత సంబరానికే టోపీ పెట్టి, మెడలో విజిలు వేసి "డే క్యాంపు" అంటున్నారు. పేరు ఏదయితేనేం, పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చే ఈ పగటి శిబిరం మన పిల్లలకు కావలసిందే. కాని దాన్ని ఎలా నడపాలో తెలిసినవాళ్ళు నడపాలి, ఏం అడగాలో తెలిసిన తల్లులు పంపాలి. ఆ సంగతే ఇవాళ నాలుగు మాటలు చెబుతాను.

పిల్లల్ని చిన్నచిన్న జట్లు చేసి ఆరుబయట పనులు నేర్పే పద్ధతికి వందేళ్ళు దాటాయి. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ అనే ఆంగ్లేయ సైన్యాధికారి ఇంగ్లండులో బ్రౌన్సీ అనే చిన్న దీవిలో ఇరవైమంది దాకా మగపిల్లల్ని నాలుగు జట్లుగా చేసి శిబిరం పెట్టాడు. స్కౌటు ఉద్యమం అక్కణ్ణుంచే పుట్టింది. మన దేశంలో విడివిడిగా ఉన్న స్కౌటు సంఘాలు 1950 నవంబరు 7న కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి, మరుసటి ఏడు గైడ్ల సంఘమూ వచ్చి చేరింది. అయిదేళ్ళనుంచి పదేళ్ళలోపు మగపిల్లలు కబ్‌లు, ఆడపిల్లలు బుల్‌బుల్‌లు. పదేళ్ళు దాటితే స్కౌట్లు, గైడ్లు. మీ పిల్లల బడిలో ఈ దళం ఉందో లేదో ఒకసారి కనుక్కోండి. చాలా బడుల్లో ఉంటుంది గాని, పంద్రాగస్టునాడు తప్ప కనిపించదు! అటవీశాఖవారు బడిపిల్లల్ని ఒకరోజు అడవికి తీసుకువెళ్ళే "వనదర్శిని" కూడా ఈ కోవలోదే.

ఇక నా అనుభవం చెప్పకపోతే మిగిలిన మాటలకు విలువ ఉండదు.

మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా మార్చి చివర్లో ఒకరోజు శిబిరానికి వెళ్ళింది. ఎవరు పెట్టారో, ఎక్కడ పెట్టారో ఇప్పుడు అనవసరం. సాయంత్రం ఇంటికి రాగానే తలనొప్పి అంది, రెండుసార్లు వాంతి చేసుకుంది, ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరుగారు చూసి, "ఎండలో తిరిగింది, నీళ్ళు తాగలేదు" అన్నారు. నేనొప్పుకోలేదు. పెద్ద సీసా నిండా నీళ్ళు నేనే పోసి పంపానండీ అన్నాను. ఇంటికొచ్చి సంచీ విప్పితే ఆ సీసా నిండుగా అలాగే ఉంది! నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. బాగా తిట్టాను కూడా. రాత్రి పడుకునే ముందు నెమ్మదిగా చెప్పింది: "అక్కడ పోవడానికి చోటు లేదమ్మా. అందుకని మేమెవ్వరం తాగలేదు."

మేమెవ్వరం అంటే ఆ శిబిరంలో ఉన్న ఆడపిల్లలంతా అన్నమాట. మగపిల్లలు చెట్టుచాటుకు వెళ్ళారు. వీళ్ళు పదకొండు పన్నెండేళ్ళ పిల్లలు, ఎవరినీ అడగలేక తమలో తాము ఒప్పందం చేసుకుని పొద్దున్నుంచి సాయంత్రందాకా నోరు కట్టుకుని కూర్చున్నారు. ఆ తరువాత రెండేళ్ళు దాన్ని ఎక్కడికీ పంపలేదు. తప్పు శిబిరానిది, శిక్ష పిల్లకు పడింది. ఈ సంగతి నాకు తట్టడానికి రెండేళ్ళు పట్టింది.

అందువల్ల శిబిరానికి పంపమని ఎవరు వచ్చి అడిగినా మొట్టమొదట మీరు అడగవలసింది ఏయే ఆటలు ఆడిస్తారని కాదు. ఆడపిల్లలు ఎక్కడికి వెళ్ళాలి, అక్కడ తలుపుందా, నీళ్ళున్నాయా, కూడా వెళ్ళడానికి ఒక ఆడమనిషి ఉందా అని. కట్టడం లేకపోతే నాలుగు కర్రలు పాతి పరదా కట్టినా చాలు. నెలసరి మొదలయ్యే వయసు పిల్లలయితే ఆ ఆడమనిషి సంచీలో గుడ్డలో, ప్యాడ్లో కొన్ని ఎక్కువ ఉండాలి. ఈ మాట రేడియోలో చెప్పడమేమిటని కొందరు ముఖం చిట్లించుకోవచ్చు. చెప్పకపోవడంవల్లనే కదండీ పిల్లలు దాహంతో మాడింది!

మన ప్రాంతపు ఎండ సంగతి నేను చెప్పాలా? వేసవిలో ఎండల వార్త చదివితే రామగుండం, ఆదిలాబాదు పేర్లు వినిపించకుండా ఉండవు. చలికాలం వచ్చేసరికి అదే ఆదిలాబాదు గజగజ వణుకుతుంది. పిల్లల శరీరం ఎండకు పెద్దవాళ్ళకంటే తొందరగా వేడెక్కుతుంది, చెమట తక్కువ పడుతుంది. పైగా ఆటలో పడితే దాహం తెలియదు. తెలిసేసరికి ఆలస్యమయిపోతుంది. కాబట్టి దాహమయితే తాగమనడం కాదు, అరగంటకొకసారి విజిలు వేసి అందరిచేతా నాలుగు గుక్కలు తాగించాలి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే నీళ్ళు చాలలేదని పిల్లలకే చెప్పి పంపండి, వాళ్ళే గమనించుకుంటారు. ఉప్పేసిన పలుచని మజ్జిగ మంచిది. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపినా పనిచేస్తుంది. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువ కానివ్వకండి.

పిల్ల తూలుతూ పొంతనలేని మాటలు మాట్లాడితే అది వట్టి అలసట కాదు, వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరుతూ 108కి ఫోను చెయ్యాలి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

ఇంతకీ మన జిల్లాల్లో శిబిరానికి తగిన రోజులు నవంబరు నుంచి ఫిబ్రవరి సగందాకా. వేసవి సెలవుల్లోనే పెట్టాలనుకుంటే ఉదయం ఆరింటికి మొదలుపెట్టి పదింటికల్లా ముగించాలి. మిట్టమధ్యాహ్నం మైదానంలో పరుగుపందెం పెట్టేవాళ్ళ దగ్గరకు, వాళ్ళు ఎంత గొప్పవాళ్ళయినా సరే, నేను పంపను.

చోటు మాటకొస్తే, మొదటిసారి దూరం పోనక్కరలేదు. కరీంనగర్ వాళ్ళకు దిగువ మానేరు ఆనకట్ట, ఆ దగ్గరే జింకల పార్కు, ఉజ్వల పార్కు ఉన్నాయి. కొంచెం పెద్ద పిల్లలకు మానేరు ఒడ్డున ఎలగందుల కోట బాగుంటుంది. 1905లో కరీంనగర్ జిల్లా కేంద్రం కాకముందు పెత్తనమంతా ఎలగందులదే! ఆ సంగతి బుర్జు మీద కూర్చుని వింటే చరిత్ర పాఠం వేరుగా చదవనక్కరలేదు. పాతకోటల్లో, కొండచరియల్లో పెద్ద తేనెపట్టులుంటాయి. పొగ పెట్టొద్దని, రాయి విసరొద్దని ముందే గట్టిగా చెప్పాలి. ఆదిలాబాదు వాళ్ళకు మావల దగ్గర అటవీశాఖ పెంచిన హరితవనం పక్కనే ఉంది.

కుంటాల జలపాతం మాట తీయకపోతే ఆదిలాబాదు అక్కలు ఊరుకోరు. కడెం వాగు నూట యాభై అడుగుల ఎత్తునుంచి దూకుతూంటే ఎవరికి చూడాలని ఉండదు? చూపించండి, కాని దూరంగా నిలబెట్టి. కింద గుండాలు పైకి తేటగా కనబడతాయి, లోపల లోతు, సుడి. ఈత వచ్చిన పెద్దవాళ్ళే అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పొచ్చెర దగ్గరా ఇదే జాగ్రత్త. నీళ్ళున్న ఏ చోటయినా, మానేరయినా ఊరి చెరువయినా, ఎండాకాలం సెలవుల్లో తల్లుల కడుపుకోత వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. పగటి శిబిరంలో నీటిలోకి దిగే కార్యక్రమం అసలు ఉండకూడదని నా అభిప్రాయం. ఈత నేర్పించాలంటే అది వేరే పని, వేరే గురువు.

తప్పిపోకుండా స్కౌట్ల పద్ధతే మంచిది. ఎనిమిదిమందికో, పదిమందికో ఒక పెద్దమనిషి. ప్రతి పిల్లకూ ఒక జోడీ. విజిలు వేయగానే జోడీలు చేతులు పట్టుకుని నిలబడాలి. బస్సు దిగగానే, అన్నానికి ముందు, బస్సు ఎక్కేముందు లెక్క. సద్దికి పులిహోర, పల్లీలు, బెల్లం, అరటిపండు. పెరుగన్నం డబ్బాలో పులిసిపోతుంది. పాత నూలు బట్టలు, చేతులు కప్పేవి. చెప్పులు వద్దు, బూట్లు. బంగారు కమ్మలు తీసేసి పంపండి, లేకపోతే పిల్ల చెట్టును చూడదు, చెవిని తడుముకుంటూ కూర్చుంటుంది. పాము కరిస్తే కట్లు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కరిచిన కాలు కదపకుండా ఆస్పత్రికి తీసుకుపోవడమే.

ఇన్ని భయాలు చెప్పి పంపమంటావేమిటమ్మా అంటారేమో! నిజామాబాదు జిల్లా పాకాల అనే చిన్న ఊళ్ళో పుట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. కూలిపని చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ, గురుకులంలో చదువుకుంది. ముందు మన భువనగిరి గుట్టమీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్చుకుంది. మన పిల్లలంతా ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. రోడ్డుపక్క మురుగుకాల్వ దాటాలన్నా మా అమ్మాయి నా చెయ్యి వెతుక్కోవడం చూసిన రోజున మాత్రం నాకు ఆ పిల్ల గుర్తొచ్చింది.

ఆ ఏడు నవంబరులో మళ్ళీ పంపాను. ఈసారి జన్నారం దగ్గర కవ్వాల్ అడవి అంచుకు. 1965లోనే అభయారణ్యమయిన ఆ అడవి 2012లో పులుల రక్షిత ప్రాంతమయింది. తెల్లవారుజామున బయల్దేరారు. పరదా ఉందా, కూడా ఆడవాళ్ళున్నారా అని నేను ముందే వెళ్ళి అడిగితే నిర్వాహకులు కాస్త విసుక్కున్నారు గాని ఏర్పాటు చేశారు. పిల్లలు చేసిందేమీ బ్రహ్మవిద్య కాదు. దుమ్ములో అడుగుజాడలు చూసి ఏది జింకదో, ఏది కుక్కదో పోల్చుకున్నారు. మోదుగకు కొమ్మకొమ్మకూ మూడేసి ఆకులెందుకని అడిగి, వాటితో విస్తరి కుట్టారు. బీడీలకు వాడే తునికాకు తెచ్చారు. పాలపిట్ట కనబడితే అరవకుండా పది నిమిషాలు కూర్చున్నారట. అది నాకు ఇప్పటికీ నమ్మకం కుదరని విషయం!

రాత్రి వచ్చేసరికి సీసా ఖాళీ. రెండుసార్లు నింపుకుందట. అరచేతులు రెండూ ఎర్రగా ఉన్నాయి. మా అత్తగారు గోరింటాకనుకుని సంతోషించారు. లేత టేకు ఆకును నలిపితే ఆ ఎరుపు వస్తుందని మనుమరాలు ఆవిడకు చెప్పింది. ఇద్దరూ చాలాసేపు ఆ చేతులు చూసుకుంటూ కూర్చున్నారు.

వచ్చేసారి మా వీధి తల్లులం ముగ్గురం శిబిరానికి తోడు వెళ్ళాలని మాట అనుకున్నాం. నీళ్ళ కుండ ఒకరు, పరదా కర్రలు ఒకరు, లెక్క చూసేది ఒకరు. మూడో ఆవిడ మటుకు ముందు తనకు బూట్లు కొనిపెట్టమని ఇంట్లో గొడవ పెట్టుకుని కూర్చుంది.