క్రెడిట్ కార్డుకు దరఖాస్తు చేసే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పటి శ్రీ విజయపురం) సముద్రం అడుగున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. దాదాపు 2,300 కిలోమీటర్ల ఈ కేబుల్ రాకముందు అండమాన్ దీవుల్లో ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాల మీదే నడిచేది. నెట్‌వర్క్ మెరుగుపడటంతో కార్డుతో చెల్లించడం సులువైంది. వాటితోపాటే క్రెడిట్ కార్డు ఆఫర్లూ ఫోన్లలోకి వస్తున్నాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ప్రతి వంద మందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. అలాంటి ఒక కుటుంబం కార్డు మీద నెలకు రూ.10,000 ఖర్చు చేస్తుందనుకుందాం. వాళ్లకు ఏ కార్డు లాభం?

రుసుము ఎంత, రాబడి ఎంత?

ఉదాహరణకు, మొదటి కార్డుకు ఏడాది రుసుము రూ.1,000. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.1,180. ఖర్చుపై 1.5 శాతం తిరిగి వస్తుంది. రెండో కార్డుకు రుసుము లేదు, తిరిగి వచ్చేది 0.75 శాతమే.

ఏడాది ఖర్చు రూ.1,20,000. మొదటి కార్డు మీద రూ.1,800 వస్తుంది, రుసుము పోగా మిగిలేది రూ.620. రెండో దానిమీద రూ.900 పూర్తిగా మిగులుతుంది. గ్రాఫు గీస్తే ఈ రెండు సరళరేఖలు సుమారు రూ.1,57,000 దగ్గర కలుస్తాయి. ఏడాది ఖర్చు అంతకు మించితేనే మొదటి కార్డు మేలు.

పాయింట్లను ముందు రూపాయల్లోకి మార్చాలి. 'రూ.100కు 2 పాయింట్లు' అంటే ఎక్కువే అనిపిస్తుంది. పాయింటు విలువ 25 పైసలైతే అది అర శాతమే.

మనకు పనికొచ్చేది ఎంత?

ప్రతి రాయితీనీ ఏడాదిలో ఎన్నిసార్లు వాడతామో ఆ సంఖ్యతో గుణించాలి. అండమాన్‌లో రైళ్లు లేవు. రైలు టికెట్ల రాయితీ ప్రధాన భూభాగానికి వెళ్లినప్పుడే ఉపయోగం. చెన్నైకో విశాఖపట్నానికో ఏడాదికి ఒకసారి విమానంలో వెళ్లేవారికి ఎయిర్‌పోర్టు లాంజ్ సౌకర్యం విలువా అంతంతే. వాడని సౌకర్యం విలువ సున్నా.

బాకీ మిగిలితే?

గడువులోగా మొత్తం బిల్లు కట్టేవారికే పై లెక్కలు వర్తిస్తాయి. రూ.20,000 బాకీ మిగిలిందనుకుందాం. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ రూ.700, దానిపై జీఎస్టీ రూ.126, మొత్తం రూ.826. రెండో కార్డు ఏడాదంతా తెచ్చిన రూ.900 దాదాపుగా ఒక్క నెలలోనే పోయింది. 'నెలకు 3.5' చిన్న అంకెలా కనిపించినా ఏడాదికి 42 శాతం.

ఆ నెల 5 శాతం, అంటే రూ.1,000 మాత్రమే కడితే అసలులో తగ్గేది రూ.174. పైగా బాకీ మిగిలితే సాధారణంగా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఏటీఎంలో నగదు తీస్తే సాధారణంగా తీసిన రోజు నుంచే వడ్డీ, అదనంగా రుసుము.

క్రెడిట్ కార్డు వడ్డీ 30 శాతం దాటకూడదన్న జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 నాటి తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది. కాబట్టి వడ్డీ రేటును మనమే చూసుకోవాలి.

దరఖాస్తుకు ముందు

వడ్డీ, రుసుముల వంటి ముఖ్య వివరాలను ఒక పేజీలో దరఖాస్తుతోపాటే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. రెండు మూడు కార్డుల పేజీలు పక్కపక్కన పెట్టుకుని ఏడాది రుసుము, వార్షిక వడ్డీ, ఆలస్య రుసుము, పాయింటు విలువ పోల్చండి. 'మొదటి ఏడాది ఉచితం' అని ఉంటే రెండో ఏడాది రుసుము చూడండి.

పోల్చి చూశాక ఒక్కదానికే దరఖాస్తు చేయండి. ప్రతి దరఖాస్తుకూ బ్యాంకు మీ రుణ చరిత్రను అడుగుతుంది. తక్కువ వ్యవధిలో చాలా దరఖాస్తులు చేస్తే స్కోరు తగ్గవచ్చు. మీ నివేదికను మీరే చూసుకుంటే స్కోరు తగ్గదు. సిబిల్ వంటి ప్రతి రుణ సమాచార సంస్థ నుంచి ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా పొందవచ్చు.

బిల్లు ప్రతి నెలా పూర్తిగా కట్టగలమా అన్నది ముందుగా తేల్చుకోండి. కట్టలేమనిపిస్తే ఏ రివార్డూ ఆ వడ్డీకి సరితూగదు.